గోడ కట్టుకున్న జీవి: బాక్టీరియా కణాన్ని మానవుడు తెలుసుకున్న చరిత్ర



మన సంఘం ప్రత్యేక సంచికల్లో పే రివిజన్ సంగతులు, కరువు భత్యం బకాయిలు, తీర్థయాత్రా విశేషాలు వస్తూంటాయి. ఈసారి చరిత్రకు సంబంధించి ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, కోటలు గుర్తుకు వస్తాయి. నేను వ్రాయబోయేది కూడా ఒక గోడ చరిత్రే. అయితే అది గోల్కొండ కోట గోడ కాదు. మిల్లీమీటరులో వెయ్యో వంతు, రెండు వేల వంతులు మాత్రమే ఉండే ఒక జీవి తన చుట్టూ కట్టుకునే గోడ. ఆ జీవికి గోడ ఉండి మనకు లేకపోవడం వల్లనే మనలో పలువురం డెబ్బై దాటి ఈ సంచిక చదువుకుంటున్నామంటే అతిశయోక్తి కాదు.

నేను 1971లో ఎల్.డి. క్లర్కుగా చేరి, 2007లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. సర్వీసులో అధిక భాగం వైద్య ఆరోగ్య శాఖ స్టోర్సు సెక్షన్‌లో గడిచింది. స్లైడ్లు, స్పిరిటు, కార్బాల్ ఫుక్సిన్, క్రిస్టల్ వయొలెట్ వగైరాల ఇండెంట్లు నా బల్లమీదుగానే వెళ్ళేవి. ఒకసారి మా సెక్షన్‌లో కొత్తగా చేరిన కుర్రవాడు 'గ్రామ్ స్టెయిన్' అన్న పద్దు చూసి, ఎన్ని గ్రాములో వ్రాయలేదని అభ్యంతరం పెట్టి ఫైలు తిప్పి పంపాడు. లాబ్ టెక్నీషియన్ గారు నవ్వుకుంటూ వచ్చి, అది తూకం కాదు నాయనా, ఒక మనిషి పేరు అని చెప్పారు. ఆ మనిషి ఎవరో తెలుసుకోవాలన్న కోరిక నాకు ఆనాడు కలిగింది. తీరిక మాత్రం రిటైరైన తర్వాతే దొరికింది. మా మనుమరాలి డిగ్రీ పాఠ్య పుస్తకాలు, గ్రంథాలయంలో దొరికిన మరికొన్ని పుస్తకాలు చదివి తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

మిరియాల నీళ్ళలో కనిపించిన లోకం

హాలండు దేశంలో డెల్ఫ్ట్ అనే పట్టణం. అక్కడ 1632లో జన్మించిన ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ బట్టల వర్తకుడు. 1660లో పట్టణ కార్యాలయంలో ఆయనకు ఒక కొలువు దొరికింది. అధికారులు సమావేశమయ్యే గదిని తెరవడం, మూయడం, శుభ్రంగా ఉంచడం, చలికి నిప్పు రాజేయించడం ఆ కొలువు విధులు. ఇంచుమించు మన కార్యాలయాల్లో దఫేదారు చూసే పనులే. కాలేజీ చదువు లేదు, లాటిన్ రాదు. కాని గాజును అరగదీసి చిన్న చిన్న కటకాలు చేయడంలో ఆయనకు సాటి లేదు. వస్తువును రెండు వందల రెట్లకు పైగా పెంచి చూపే ఒంటి కటకపు సూక్ష్మదర్శినులు ఆయన స్వయంగా తయారు చేసుకున్నాడు.

మిరియానికి ఘాటు ఎందుకుంటుందో చూద్దామని ఆయన మిరియాలను నీళ్ళలో నానబెట్టాడు. వాటి ఒంటికి సూక్ష్మమైన ముళ్ళుంటాయేమోనని ఆయన అనుమానం. కొన్ని వారాల తర్వాత ఆ నీటి బొట్టును కటకం కింద చూస్తే ముళ్ళు కనిపించలేదు, లెక్కలేనన్ని జీవులు కనిపించాయి. 1676 అక్టోబరు 9వ తేదీన లండన్ రాయల్ సొసైటీకి ఈ సంగతి తన డచ్చి భాషలోనే ఉత్తరం వ్రాశాడు. మానవుడు బాక్టీరియాను చూసినట్లు నమోదైన మొదటి దాఖలా ఇదే.

సొసైటీ వారు వెంటనే నమ్మలేదు. అప్పుడు లీవెన్‌హుక్ ఏం చేశాడో తెలిస్తే మనవంటి వారికి ముచ్చట వేస్తుంది. చర్చి బోధకులు, ఒక నోటరీతో సహా ఎనిమిది మంది పెద్దమనుషులకు తన కటకం చూపించి, వారు కళ్ళారా చూసినట్లు ధృవీకరణ పత్రాలు తీసుకుని పంపాడు. మనం గెజిటెడ్ ఆఫీసరు అటెస్టేషన్ కోసం తిరిగినట్లే! 1677 నవంబరులో రాబర్ట్ హుక్ అదే ప్రయోగం చేసి నిజమేనని తేల్చాడు. 1683లో లీవెన్‌హుక్ పంటి గార తీసి చూసి, ఒక దేశంలోని జనం కంటె తన నోట్లో ఉన్న జీవులే ఎక్కువని వ్రాశాడు. 90 ఏళ్ళు జీవించి 1723లో కాలం చేశాడు. కటకాలు చేసే మెళకువ మాత్రం ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. అందువల్ల కూడా ఈ విద్య చాలాకాలం అక్కడే ఆగిపోయింది.

జిల్లా వైద్యాధికారి, వంటింటి జెల్లీ

1828 ప్రాంతంలో ఎహ్రెన్‌బర్గ్ అనే జర్మన్ పండితుడు ఈ జీవుల్లో కొన్నింటికి 'బాక్టీరియం' అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో చిన్న కర్ర అని అర్థం. 1860 ప్రాంతంలో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ హంస మెడ వంటి వంపు గొట్టాలున్న గాజు కుప్పెలతో ప్రయోగాలు చేసి, కుళ్ళడం, పులియడం వాటంతట అవే జరగవనీ, గాలిలోని దుమ్ముతో వచ్చే సూక్ష్మజీవుల వల్లనే జరుగుతాయనీ ఋజువు చేశాడు.

ఏ జీవి ఏ రోగానికి కారణమో తేల్చినవాడు రాబర్ట్ కోఖ్. ఆయన ఒక మారుమూల ఊళ్ళో జిల్లా వైద్యాధికారి, అనగా ప్రభుత్వోద్యోగి. పగలు రోగులను చూసుకుని, మిగిలిన వేళల్లో ఇంట్లోనే ఏర్పాటు చేసుకున్న చిన్న ప్రయోగశాలలో పశువులకు వచ్చే ఆంత్రాక్స్ వ్యాధిని పరిశోధించి 1876లో దాని బాక్టీరియాను నిరూపించాడు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో క్షయ క్రిమిని ప్రకటించాడు. 1884లో కలకత్తాలో, కామా ఆకారంలో ఉండే కలరా క్రిమిని రోగుల పేగుల్లోనూ, చెరువు నీటిలోనూ చూపించాడు. ఇటలీలో పచీని 1854లోనే ఆ క్రిమిని చూసి వ్రాసినా అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. కోఖ్‌కు 1905లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ పరిశోధనకు ఒక గృహిణి చేసిన మేలు చెప్పుకోకపోతే అన్యాయం. బాక్టీరియాను పెంచడానికి మొదట జెలటిన్ వాడేవారు. వేసవి వేడికి అది కరిగిపోయేది. కోఖ్ వద్ద పనిచేస్తున్న హెస్సీ అనే వైద్యుని భార్య ఫానీ హెస్సీ, తాను వంటింట్లో జెల్లీలకు వాడే అగార్ వాడి చూడమని సలహా ఇచ్చింది. సముద్రపు నాచు నుండి తీసే ఈ పదార్థం సంగతి జావా దీవిలో ఉండి వచ్చినవారి ద్వారా ఆమెకు తెలిసింది. ఈనాటికీ ప్రతి ప్రయోగశాలలో వాడుతున్నది అదే.

గ్రామ్ గారి ఊదారంగు

ఇక మా కుర్రవాడు తూకమనుకున్న గ్రామ్ గారి సంగతి. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ డెన్మార్కు దేశస్థుడు. బెర్లిన్ నగర ఆస్పత్రిలో న్యుమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల ముక్కల్లో బాక్టీరియా స్పష్టంగా కనబడేలా చేయాలని ఆయన ప్రయత్నం. 1884లో ఒక పద్ధతి ప్రకటించాడు. ముందు ఊదా రంగు వేయాలి, తర్వాత అయోడిన్ ద్రావణం పోయాలి, ఆ పైన ఆల్కహాలుతో కడగాలి. కొన్ని బాక్టీరియాలు ఎంత కడిగినా ఊదా రంగు వదలలేదు. మరికొన్ని వెంటనే వదిలేశాయి. రంగు వదిలిన వాటిని కూడా చూడగలిగేందుకు తరువాతివారు చివరలో ఎరుపు రంగు వేయడం మొదలుపెట్టారు. ఊదాగా మిగిలితే గ్రామ్ పాజిటివ్, ఎర్రగా కనిపిస్తే గ్రామ్ నెగటివ్.

తన పద్ధతి అసంపూర్ణమైనదనీ, ఇతరుల చేతుల్లోనైనా ఉపయోగపడవచ్చుననీ గ్రామ్ ఎంతో వినయంగా వ్రాసుకున్నాడు. ఈ తేడా ఎందుకు వస్తుందో ఆయనకే తెలియదు. కారణం తేలడానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రావలసి వచ్చింది. 1931లో జర్మనీలో రుస్కా, నోల్ అనేవారు దానిని నిర్మించారు. అప్పుడు గాని కణం చుట్టూ ఉన్న గోడ, దాని మందం తెలియలేదు. గ్రామ్ రంగు వేసినది ఆ గోడ తేడాకే.

కణం లోపల ఏముంది?

బాక్టీరియా అంటే ఒకే ఒక కణం. ఆకారంలో గుండ్రనివి, కర్ర వంటివి, మెలి తిరిగినవి అని మూడు ముఖ్య రకాలు. మన పేగుల్లో నివసించే ఇ.కోలై అనే కర్ర ఆకారపు బాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రాన్లు. 1885లో ఎషెరిష్ అనే పిల్లల వైద్యుడు దానిని కనుగొన్నాడు. దానినే ఉదాహరణగా తీసుకుందాం.

మన శరీర కణాల్లో వంశపారంపర్య సమాచారమంతా, అంటే డి.ఎన్.ఎ., కేంద్రకం అనే ప్రత్యేక గదిలో ఉంటుంది. దానిని మన రికార్డు రూము అనుకోండి. బాక్టీరియాకు రికార్డు రూము లేదు. సర్వీసు రిజిస్టరంతా హాలు మధ్యలోనే చుట్టగా పడి ఉంటుంది. ఇ.కోలై డి.ఎన్.ఎ.ను సాగదీస్తే కణం పొడవుకు వందల రెట్లు అవుతుంది. అందులో 46 లక్షల అక్షరాలున్నాయని 1997లో పూర్తిగా చదివి చెప్పారు. ఆ ఆదేశాల ప్రకారం ప్రొటీన్లు తయారు చేసే బల్లలు రైబోసోములు. ఇవి కణంలో వేల సంఖ్యలో ఉంటాయి. వీటి నిర్మాణాన్ని వివరించినందుకు, మన చిదంబరంలో జన్మించిన వెంకట్రామన్ రామకృష్ణన్ గారికి మరి ఇద్దరితో కలిపి 2009లో నోబెల్ బహుమతి వచ్చిన సంగతి మీకు విదితమే. బాక్టీరియా రైబోసోములు మన రైబోసోముల కంటె చిన్నవి, వేరు రకమైనవి. ఈ తేడా ముందు ముందు మనకు అక్కరకు వస్తుంది.

వీటన్నిటి చుట్టూ పలుచని పొర, ఆ పొర చుట్టూ గోడ. సైకిలు చక్రం ఊహించుకోండి. లోపలి పొర ట్యూబు వంటిది, గోడ టైరు వంటిది. కణం లోపల లవణాలు, పోషకాలు చిక్కగా ఉండడం వల్ల బయటి నీరు లోపలికి చొరబడుతూ ఒత్తిడి పెంచుతుంది. టైరు లేకపోతే ట్యూబు పగిలిపోతుంది. ఈ గోడ ఇటుకలతో కట్టినది కాదు, నులక మంచంలా అల్లినది. చక్కెర జాతి పదార్థాల పొడుగాటి తాళ్ళు, వాటిని అడ్డంగా కలిపి కట్టే చిన్న చిన్న అమైనో ఆమ్లాల ముడులు. దీనికి పెప్టిడోగ్లైకాన్ అని పేరు. గ్రామ్ పాజిటివ్ వాటిలో ఈ అల్లిక ఎన్నో వరుసలుగా మందంగా ఉంటుంది. అందుకే ఊదా రంగును వదలదు. గ్రామ్ నెగటివ్ వాటిలో అల్లిక పలుచన. కాని దాని పైన మరొక పొర ఉంటుంది, అనేక మందులను అది లోపలికి రానివ్వదు. క్షయ క్రిమిది మరొక పద్ధతి. దాని గోడ మైనంతో కప్పినట్లుంటుంది. మా ఇండెంట్లలోని కార్బాల్ ఫుక్సిన్‌ను వేడి చేసి పోస్తేగాని దానికి రంగు పట్టదు, పట్టిన రంగు ఆమ్లంతో కడిగినా పోదు.

ఆవకాయ ఎందుకు చెడిపోదో కూడా ఈ గోడ కథలోనే ఉంది. బయట ఉప్పు ఎక్కువైతే నీరు కణంలోంచి బయటికి లాగబడుతుంది. గోడ పగలకుండా కాపాడగలదు గాని, ఎండిపోకుండా కాపాడలేదు.

కొన్నింటికి గోడపైన జిగురు కవచం కూడా ఉంటుంది. 1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ అనే శాస్త్రవేత్త న్యుమోనియా క్రిములతో చేసిన ప్రయోగం ప్రసిద్ధం. ఈయన కూడా బ్రిటిషు ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఉద్యోగే. కవచం ఉన్నవి ఎలుకలను చంపాయి, లేనివి చంపలేదు. చచ్చిన కవచ క్రిములను, బ్రతికి ఉన్న కవచం లేని క్రిములతో కలిపి ఎక్కిస్తే ఎలుకలు చచ్చిపోయాయి, వాటి ఒంట్లో కవచమున్న క్రిములు సజీవంగా దొరికాయి. చచ్చినదాని నుండి బ్రతికినదానికి విద్య అందిందన్నమాట. ఆ అందినది డి.ఎన్.ఎ. అని 1944లో ఎవరీ బృందం తేల్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఈదడానికి కొన్నింటికి కశాభాలనే తోకలుంటాయి. కష్టకాలం వస్తే కొన్ని సిద్ధబీజాలుగా మారి నిద్రపోతాయి. మామూలుగా నీళ్ళు మరిగించినంత మాత్రాన అవన్నీ చావవు. అందుకే ఆస్పత్రుల్లో ఆటోక్లేవులో 121 డిగ్రీల వేడి ఇస్తారు. మన వంటింటి ప్రెషర్ కుక్కరు దాని చెల్లెలే.

అనుకూలిస్తే ఇ.కోలై ఇరవై నిమిషాలకు ఒకటి రెండవుతుంది. పది గంటల్లో ముప్పై మార్లు. ఒక్క కణం 107 కోట్ల పైచిలుకు అవుతుంది. మన పెరుగు తెల్లవారేసరికి తోడుకునేది కూడా ఇటువంటి వృద్ధి వల్లనే. బాక్టీరియాలో అధిక భాగం మన శత్రువులు కావని చెప్పడానికి పెరుగన్నమే సాక్ష్యం.

గోడ మీద దెబ్బ

1928 సెప్టెంబరులో లండన్ సెయింట్ మేరీ ఆస్పత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్, బాక్టీరియా పెంచుతున్న పళ్ళెంలో బూజు పడి, దాని చుట్టూ బాక్టీరియా కరిగిపోవడం చూశాడు. ఆ బూజు రసమే పెన్సిలిన్. దానిని మందుగా మార్చినవారు ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ ప్రభృతులు. 1941 ఫిబ్రవరి 12న ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబుల్‌కు ఇచ్చారు. ముఖమంతా చీము పట్టి, అప్పటికే ఒక కన్ను పోయిన మనిషి, మరునాటికే తేరుకోవడం మొదలుపెట్టాడు. కాని మందు చాలలేదు. ఆయన మూత్రంలోంచి పెన్సిలిన్ తిరిగి తీసి మళ్ళీ ఎక్కించారు. అయిదు రోజుల్లో అదీ అయిపోయింది. మార్చి 15న ఆయన మరణించాడు. మందు పనిచేయక కాదు, నిల్వ లేక.

పెన్సిలిన్ చేసేదేమిటి? గోడ అల్లికలో ముడి వేయనివ్వదు. పెరిగే కణం పాత అల్లిక విప్పి కొత్తది వేసుకుంటూంటుంది. ముడి పడకపోతే గోడ బలహీనమై ట్యూబు పగులుతుంది. మన కణాలకు గోడే లేదు గనుక మనకు నష్టం లేదు. నిద్రలో ఉండి పెరగని క్రిములను మాత్రం అది చంపలేదు. అసలే గోడలేని మైకోప్లాస్మా వంటి వాటిమీద, కణమే కాని వైరస్‌ల మీద దానికి పనే లేదు. మామూలు జలుబు వైరస్‌ల వల్ల వచ్చేది. కనుక జలుబుకు ఈ మాత్రలు దండుగ.

1943లో అమెరికాలో వాక్స్‌మన్, షాట్జ్‌లు స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. అంతవరకు క్షయకు మంచి గాలి, విశ్రాంతి, తిండే వైద్యం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం వంటివి అందుకే వెలిశాయి. తర్వాతి అధ్యాయం మనవారిది. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనా విభాగాన్ని నడిపించారు. అక్కడే మట్టిలోని ఒక బంగారు రంగు సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే పెద్దది. కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గర్, విశ్వవిద్యాలయం నుండి పదవీ విరమణ చేసి, డెబ్బై దాటిన తర్వాత ఆ సంస్థలో చేరిన వృద్ధుడు! రిటైరైనవారి వల్ల ఏమవుతుందని అనేవారికి ఇది జవాబు. ఈ మందు గోడ జోలికి పోదు. ముందు చెప్పిన రైబోసోము బల్లల దగ్గర పని ఆపుతుంది. అది 1948లో వెలువడింది. అదే ఏడు ఆగస్టు 8న సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఈనాటి ప్రమాదం

మూడేళ్ళ క్రితం నా భార్యకు మూత్రకోశంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి చలిజ్వరంతో ఆస్పత్రిలో చేర్చాము. కల్చర్ పరీక్ష రిపోర్టు నా చేతికిచ్చారు. గ్రామ్ నెగటివ్ బాసిల్లై, ఇ.కోలై అని ఉంది. కింద పద్దెనిమిది మందుల పేర్లు. ఎదురుగా ఆర్ అంటే లొంగదు, ఎస్ అంటే లొంగుతుంది. లెడ్జరు చూసే అలవాటు కొద్దీ కూడి చూశాను. ఆర్‌లు పదమూడు, ఎస్‌లు అయిదు. మింగే మాత్రల్లో ఒక్కటే మిగిలింది, అది ఆమె మూత్రపిండాల స్థితికి పనికిరాదన్నారు. ఏడు రోజులు ఇంజెక్షన్లతో, దేవుని దయవల్ల కోలుకున్నది.

ఆమె వైద్యుడు చెప్పనిదే మాత్ర మింగిన మనిషి కాదు. మరి ఆమెకెందుకిలా అని డాక్టరుగారిని అడిగాను. ఈ విద్య క్రిమి నుండి క్రిమికి అందుతుందండీ, ఎవరో ఎక్కడో తప్పుగా వాడినదానికి మరొకరు అనుభవిస్తారు అన్నారు ఆయన. గ్రిఫిత్ ఎలుకలు గుర్తుకు వచ్చాయి. బాక్టీరియాలో ప్రధాన రిజిస్టరు కాక, ప్లాస్మిడ్లు అనే చిన్న డి.ఎన్.ఎ. చుట్టలుంటాయి. మందును విరగ్గొట్టే ఉపాయం చాలాసార్లు వాటిలోనే వ్రాసి ఉంటుంది. ఒక కార్యాలయం సర్క్యులర్‌ను నకలు తీసి మరొక కార్యాలయానికి పంపినట్లు, క్రిములు వాటి నకళ్ళు ఒకదానికొకటి అందించుకుంటాయి. వేరే జాతి క్రిమికైనా సరే. 1959లోనే జపానులో విరేచనాల క్రిముల్లో ఇది బయటపడింది. పెన్సిలిన్‌ను నాశనం చేసే ఎంజైమునైతే, మొదటి రోగికి మందు ఇవ్వకముందే, 1940లోనే ఆక్స్‌ఫర్డువారు ఇ.కోలైలో చూశారు.

మన దేశంలో 2014 మార్చి నుండి కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్స్‌ను షెడ్యూల్ హెచ్1 కింద చేర్చి, చీటీ లేనిదే అమ్మరాదని, అమ్మకం రిజిస్టరులో నమోదు చేయాలని నిబంధన ఉంది. నిబంధన కాగితం మీద ఉంటే చాలదని ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు మోసిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. కనుక సభ్యులకు నా మనవి. జలుబుకు, ఒళ్ళునొప్పులకు మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకోవద్దు. వైద్యుడు వ్రాసినది వ్రాసినన్ని రోజులు, వ్రాసిన మోతాదులో వాడండి. మిగిలిన మాత్రలు దాచి పక్కింటివారికి ఇవ్వకండి. వైద్యుడు కల్చర్ పరీక్ష చేయించమంటే ఖర్చని వెనుదీయకండి.

ఇది నా సొంత మాట కాదు. 1945 డిసెంబరులో నోబెల్ బహుమతి ఉపన్యాసంలో ఫ్లెమింగ్ ఒక కల్పిత కథ చెప్పాడు. ఒకాయన గొంతునొప్పికి తానే పెన్సిలిన్ కొని, చాలీ చాలని మోతాదులో వాడాడు. క్రిములు చావలేదు, మందును తట్టుకోవడం నేర్చుకున్నాయి. అవి ఆయన భార్యకు సోకి న్యుమోనియా వచ్చింది. ఈసారి పెన్సిలిన్ పనిచేయలేదు, ఆమె చనిపోయింది. ఆమె చావుకు బాధ్యులెవరని ఆయన సభను అడిగాడు. ఎనభై ఏళ్ళ కిందట అడిగిన ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది ఇప్పుడు మనమే.